నాయనకు చదివి వినిపించిన దయ్యాల కథ

నాయనకు కంటి ఆపరేషన్ అయింది. ఈ రోజు నంద్యాలలో డాక్టరుకు చూపించి బస్సులో ఆళ్లగడ్డకు తిరిగొస్తూ, నేను చదువుతున్న నవల ఆయనకు వినిపించాను. నల్లమలలో ఒక దయ్యప్పిల్ల, ఆమెను చంపుతానని ఒట్టు పెట్టుకున్న వేటగాడు. పగతో మొదలై ఒకరి కోసం ఒకరు ప్రాణమిచ్చేదాకా వస్తారు. ఊరు మాత్రం ఒప్పుకోదు.

శిరివెళ్ల దాటేసరికి నాయనకు కోపం వచ్చేసింది.

"ఆ ఊరోళ్లకు బుద్ధుండాదా? యాడ పుడితే ఏంది, ఇద్దరికీ ఇష్టమే గదా!"

ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది. ఆదివారం నాకు పెళ్లిచూపులు. పుస్తకం మూసి చెప్పేశాను.

"నాయనా, మా బడిలో నాతోపాటు పాఠాలు చెప్పే ప్రభుదాస్ సార్ ఉండాడు గదా. మొదట్లో రోజూ కొట్లాడుకునేటోళ్లం. ఇప్పుడు ఆయన్నే చేసుకోవాలనుకుంటాండా."

ఆయన నల్లద్దాలు సర్దుకున్నాడు.

"వాళ్లు చర్చికి పోయేటోళ్లు గదమ్మా" అన్నాడు.

"యాడ పుడితే ఏంది అని ఇప్పుడే అంటివి గదా!"

"అది దయ్యాల కథ. మనం మనుషులం."

ఆళ్లగడ్డలో నా చెయ్యి పట్టుకునే బస్సు దిగాడు. ఇంటికొచ్చి అన్నం తిన్నాక, "మిగిలింది చదువు, వాళ్లిద్దరూ ఏమైరో" అని అడిగాడు. తలనొప్పని చెప్పి గదిలోకి వచ్చి ఇది రాస్తున్నాను.

వాళ్లిద్దరూ ఒకటవుతారు. చివరి పేజీ ముందే చూసేశాను. ఆదివారం లోపల మా నాయనకు ఇంకేం చదివి వినిపించాలో, తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.