వేళ్లు ఆడితే విరగనట్టే

మా నాయన కుడిచేతిని పాడుచేసింది నిచ్చెన అని ఊళ్లో అందరూ అనుకుంటారు. పాపం, నిచ్చెన తప్పు సగమే. మిగతా సగం నాది. ఆ ఘనకార్యం చెబుతాను, నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ పూర్తిగా నవ్వు రాదు.

బంగారుపాళ్యం చుట్టుపక్కల మామిడి అంట్లు కట్టడంలో నాయన చేతికి పేరు. అలాంటి మనిషి ఓ పొద్దున నిచ్చెన మీంచి జారి మణికట్టు మీద పడ్డాడు. నేనప్పుడే బీఎస్సీ పాసై ఇంటికొచ్చి ఉన్నాను. అంటే, లోకంలో నాకు తెలియనిది లేదన్నమాట.

"వేళ్లు ఆడించు నాయనా," అన్నాను.

పళ్లు బిగబట్టి ఆడించాడు.

"ఇంకేం, విరగలేదు. విరిగుంటే వేళ్లు ఆడవు."

"వాపు సూడరా, ఎట్లుండాదో! పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకొని వద్దాం," అంది అమ్మ.

"నువ్వు సదివినావా, నేను సదివినానా?" అన్నాను.

"వాడు సెప్తా ఉండాడు కదా, ఊరుకోమే," అన్నాడు నాయన.

అక్కడితో ఆగానా? వాడకపోతే చెయ్యి బిగుసుకుపోతుందని రోజూ ఆ చేత్తోనే నీళ్ల బకెట్లు మోయించాను. కళ్లనీళ్లు తిరుగుతున్నా "తగ్గతా ఉండాదిరా" అంటూ మోశాడు.

నెల తిరిగేసరికి అమ్మ నన్నడక్కుండా ఆయన్ని పుత్తూరు బస్సెక్కించింది. వెనకాలే నేనూ ఎక్కాను. కట్టు కట్టే పెద్దాయన మణికట్టు నొక్కి చూశాడు.

"విరిగిన ఎముక వంకరగా అతుక్కొనుండాది. విరగలేదని ఎవురు సెప్పినారప్పా?"

నేను గోడమీది క్యాలెండరు శ్రద్ధగా చదువుతున్నాను. నాయన నిటారుగా కూర్చుని, "మావోడే. బీఎస్సీ!" అన్నాడు.

ఆ మణికట్టు మళ్లీ సరిగా తిరగలేదు. ఇప్పుడు తోటలో ఎవరైనా అంటు కడుతుంటే పక్కన నిలబడి చూస్తాడు. నన్ను ఒక్కమాట అనలేదు. అనుంటే బాగుండేది.

మొన్న వేసవిలో ఆయన కాలు మడతపడింది. "ఉండు, వాడు సూసి సెప్పనీ," అన్నాడు అమ్మతో. నేను చూడకుండానే "పుత్తూరు!" అని అరిచాను.

"బెణికిందంతే, విరగలేదు," అన్నాడు అదే పెద్దాయన.

నాయనకు నమ్మకం కుదరలేదు. "ఇంకోసారి సూడప్పా. విరిగిందని మావోడు సూడకుండానే కనిపెట్టినాడు!"

అందుకే, పాఠకుల సాక్షిగా ఒట్టేస్తున్నాను: ఇకమీదట ఎవరి ఎముక గురించీ నోరు విప్పను. నా పిచ్చినమ్మకం నెలలో వదిలింది. నామీద నాయనకున్న నమ్మకానికి మాత్రం పుత్తూరులో కూడా కట్టు లేదు.