సువార్త చెవులు

నిన్న నేను పాఠాలు చెప్పే బడికి కొత్త పలకలు వచ్చాయి. కట్టలకు చుట్టిన వరిగడ్డి తీయగానే తడిరాతి వాసన, చట్రాల పచ్చికర్ర వాసన కలిసి గదంతా నిండాయి. పిల్లలకు పంచాల్సినవి పంచకుండా కాసేపు అలాగే కూర్చున్నాను.

మార్కాపురంలో మా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది. నాయన పలకల కార్ఖానాలో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన కనుబొమలు కూడా బూడిదరంగులో ఉండేవి, అమ్మ పోసిన చెంబెడు నీళ్లకు మళ్లీ నల్లబడేవి. వానలు తగ్గుతుండగా నల్లమల నుంచి సీతాఫలాల గంపలు దిగేవి, తిన్నాక ఆ గింజలతో వీధి పిల్లలమంతా ఆడుకునేవాళ్లం. క్రిస్మసు దగ్గరపడితే అవ్వ, అంటే నాయన తల్లి, పొయ్యి ముందు కజ్జికాయలు ఒత్తుతూ, విరిగినవి మా చేతుల్లో పెడుతూ పాడుకునేది.

మా చెల్లెలు సువార్తకు అప్పుడు మూడో ఏడు. ఆమె మాతో ఆడేది కాదు. సీతాఫలం గింజలను గడప పొడవునా ఒకదాని వెనుక ఒకటి పేర్చి, చెరిపి, మళ్లీ పేర్చేది. కుండ మూతను గిర్రున తిప్పి, అది పడిపోయేదాకా రెప్ప వేయకుండా చూసేది. పేరుపెట్టి పిలిస్తే తల తిప్పేది కాదు. ఎత్తుకుంటే అమ్మ మొహం వదిలి భుజం మీదుగా ఎటో చూసేది. ఒక్క మాటా రాలేదు.

"ఏమయ్యా, ఈ పిల్ల ఇట్లనే ఉంటాదా?" అని అమ్మ అడిగేది.

"పెద్దదానికి మాత్రం నోరుందా ఏంది? పదిసార్లు అడిగితే ఒకసారి ఊ అంటాది" అని నాయన నన్ను చూపించి నవ్వించబోయేవాడు.

"అది ఊ అన్నా అంటాది గదా."

ఒక ఆదివారం గుడి నుంచి వచ్చాక అవ్వ కంచుపళ్లెం తీసుకొని, సువార్త వెనుక నిలబడి గరిటెతో ఒక్కటిచ్చింది. పక్కింటి కోళ్లు చెల్లాచెదురయ్యాయి. సువార్త ఇంకో గింజ పేర్చింది.

"చూస్తిరా? చెవుడే" అంటూ అవ్వ కూలబడింది. కంభం నుంచి సంతకు వచ్చే ముసలాయన చెవుల వెనుక వాతలు పెడితే వినికిడి వస్తుందని ఆమె నమ్మకం. తన తమ్ముడికి అట్లే నయమైందట. చివరకు నాయన సరేనని తల ఊపాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చెల్లెలికి వినబడుతుందని నాకు తెలుసు. మధ్యాహ్నం నాయనకు సజ్జరొట్టె ఇవ్వడానికి ఆమెను చంకనేసుకొని కార్ఖానాకు పోయేదాన్ని. అక్కడ తయారైన ప్రతి పలకనూ వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల బీట ఉన్నట్టు. నాయన అవతల చెట్టుకింద తింటుండగా, ఆ చప్పుడు ఎక్కడ మోగితే అక్కడికి సువార్త చంక దిగి పరుగెత్తేది. ఈ సంగతి చెప్పాలని వారమంతా నోటిదాకా తెచ్చుకున్నాను. పెద్దవాళ్లు కూర్చున్న చోటికి వెళ్లి, చెప్పకుండానే తిరిగొచ్చేదాన్ని.

సంతరోజు ముసలాయన వచ్చి మా పొయ్యి ముందు కూర్చున్నాడు. నిప్పుల్లో పసుపుకొమ్ము కొస ఎర్రబడింది. వాకిట్లో మూత తిప్పుకుంటున్న సువార్తను తేవడానికి అమ్మ లేచింది. నేను నా బడిపలక తీసుకొని, తలుపు చాటున నిలబడి కణుపుతో కొట్టాను. ఒకసారి, మళ్లీ ఒకసారి. తిరుగుతున్న మూతను అలాగే వదిలేసి సువార్త పరుగెత్తుకొచ్చింది. పలకకు చెంప ఆనించి నవ్వింది.

"చెల్లికి వినపడతాది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

నాయన నా చేతిలోని పలక అందుకొని, ఇంటి వెనక్కి పోయి కొట్టాడు. సువార్త అటు పరుగెత్తింది.

ముసలాయన పసుపుకొమ్మును బూడిదలోకి తోసేశాడు. "చెవులు బంగారంలాగుండాయి. నన్నెందుకు పిలిపిస్తివి వదినా?"

"మరి నేను పిలిస్తే ఎందుకు తిరగదు?" అంది అవ్వ.

"నీ గొంతు నచ్చలేదేమో!"

చాలా రోజుల తర్వాత అమ్మ నవ్వింది.

అవ్వ ప్రశ్నకు మాత్రం జవాబు దొరకలేదు. చెవుడు కాకపోతే మరేమిటని అమ్మా నాయనా ఏళ్ల తరబడి ఆలోచించారు. రైలెక్కి మిషను ఆసుపత్రికి వెళ్లి చూపిస్తే, దొరసాని డాక్టరు కూడా తనకు తెలియదని ఒప్పుకొని ఒక బిస్కత్తు ఇచ్చింది. సువార్త దాన్ని తినకుండా బల్లమీద గిర్రున తిప్పింది. అన్నానికి పిలవాలంటే పలక కొట్టడం మా అందరికీ, ఆఖరికి అవ్వకూ అలవాటైంది.

ఇప్పుడు అవ్వ లేదు, ఆ ముసలాయనా లేడు. కార్ఖానా ఊరి బయటికి తరలిపోయింది. పాత చోట రాతిపొడిలో తుమ్మలు మొలిచాయి. సువార్తకు పన్నెండో ఏడు. నాలుగైదు మాటలు వచ్చు. వాటిలో 'అమ్మ' ఉంది, 'అక్క' ఇంకా లేదు. సెలవులకు ఇంటికి వెళ్తే ఆమెకు తల దువ్వేది నేనే. జడ అల్లడానికి వెంట్రుకలు పైకెత్తినప్పుడల్లా రెండు చెవుల వెనుకా మచ్చలేని చర్మం కనిపిస్తుంది. అక్కడ నా చెయ్యి కాస్త ఆగుతుంది. ఎందుకో ఆమెకు తెలియదు. త్వరగా కానిమ్మన్నట్టు తల అటూ ఇటూ ఊపుతుంది.