తగ్గిందన్న మాట

ఐసెలిన్‌లో ఇండియన్ కొట్లో కొన్న శొంఠిని నిన్న దంచుతుంటే ఆ ఘాటుకి ఇంట్లో అందరికీ తుమ్ములు మొదలయ్యాయి. మా ఆయన గొణుక్కుంటూ కిటికీలు తెరిచాడు. నాకు మాత్రం సుభద్ర మేడమ్ ఆఫీసు గది గుర్తొచ్చి హాయిగా అనిపించింది. న్యూజెర్సీలో నేను పీహెచ్‌డీ చేసిన యూనివర్సిటీలో, ప్రజల ఆరోగ్యం మీద సామాజిక పరిశోధన మొదలుపెట్టేవాళ్ళకి తొలి ఆసరాగా సీడ్ గ్రాంట్ ఇచ్చేవారు. దరఖాస్తులు కమిటీకి వెళ్ళేలోపు చదివి లోపాలు చెప్పడం మేడమ్ ఉద్యోగం. గుంటూరు మనిషి. ఫ్లాస్కు నిండా శొంఠి కాఫీ తెచ్చుకుని, ఎదుట కూర్చున్నవాళ్ళకి అడక్కుండానే పోసేవారు. మొదట్లో మొహమాటానికి తాగిన నేను, రెండో వారానికి అడిగి మరీ పోయించుకున్నాను.

అప్పట్లో ప్లెయిన్స్‌బరోలో మా చుట్టుపక్కల అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్ళే. సోషియాలజీ చదవడానికి అమెరికా దాకా రావాలా అని కనిపించినప్పుడల్లా ఆటపట్టించేవారు. పైకి నవ్వేదాన్ని కానీ లోపల ఉడికిపోయేదాన్ని. ఒంగోలు దగ్గర పల్లెల్లో బీపీ ఉన్నవాళ్ళు మాత్రలు మధ్యలో ఎందుకు మానేస్తున్నారన్నది నా అంశం. ఒకసారి దరఖాస్తు తిరిగొచ్చింది. రెండోసారీ అదే జరిగితే అంశం వదిలేసి తన ప్రాజెక్టులో చేరమని మా అడ్వైజర్ మెత్తగానే చెప్పాడు. ఆ అంశం కోసమే ఇంత దూరం వచ్చినదాన్ని, అది పోతే నాకిక్కడ పనేముంది?

గడువు నాలుగు రోజులుందనగా మేడమ్ నా దరఖాస్తు ముందు పెట్టుకుని పెన్సిల్‌తో ఒకే ఒక్క మాట చుట్టూ గీత గీశారు. ఆ పల్లెల నుంచి నాతో ఫోన్లో మాట్లాడిన రత్తమ్మగారి గురించి రాసిన వాక్యంలో, బీపీ దిగగానే నిర్లక్ష్యంతో మందు ఆపేశారన్న చోట, ఆ నిర్లక్ష్యం అన్న మాటకి. ఇంగ్లీషులో రాసింది పక్కన పెట్టి, ఆవిడ అన్నది అన్నట్టు చెప్పమన్నారు. డాక్టరుగారు తగ్గిందన్నారు, అందుకని మానేశానన్నారని చెప్పాను.

"లాస్ట్ మంత్ నీకు ఫీవర్ వచ్చింది కదా. తగ్గాక కూడా టాబ్లెట్స్ వేసుకున్నావా?"

"లేదు మేడమ్. తగ్గిపోయింది కదా."

"మరి నువ్వూ కేర్‌లెస్సేనా?"

డాక్టరు చెప్పింది అంకె దిగిందని. రత్తమ్మగారు విన్నది జబ్బు పోయిందని. ఇద్దరిదీ తగ్గిందన్న ఒకటే మాట. జ్వరం తగ్గిందా, దగ్గు తగ్గిందా అని అడిగించుకుంటూ పెరిగిన నాకు ఆ సంగతి తట్టలేదు. ఇంగ్లీషులోకి మార్చే తొందరలో నా భాష నాకే వినపడలేదు. చాలా సిగ్గేసింది. వెంటనే దరఖాస్తు మొత్తం తిరగరాస్తానని కాగితాలు లాక్కోబోయాను. మేడమ్ వాటి మీద చెయ్యి పెట్టారు.

"అది తర్వాత. ఆవిడ ఇంకా టాబ్లెట్ వేసుకోవట్లేదుగా? ముందు కాల్ చెయ్యి."

నిజం చెప్పాలంటే ఆ ఆలోచనే నాకు రాలేదు. మాకు ఉదయం, వాళ్ళకి సాయంత్రం. ఆ గదిలోనే ఫోన్ చేసి, తగ్గిందంటే అదుపులో ఉందని అర్థమనీ, జబ్బు పోలేదనీ, మందు గురించి మళ్ళీ డాక్టరుని అడగమనీ చెప్పాను.

"ఈ ముక్క ఆరోజే చెప్పొచ్చుగా తల్లీ" అన్నారు రత్తమ్మగారు.

మర్నాడే ఆవిడ ఆసుపత్రికి వెళ్ళారు, మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. నేను తగ్గిందన్న ఆ ఒక్క మాట చుట్టూ దరఖాస్తు తిరగరాశాను. గ్రాంట్ వచ్చింది. చెప్పడానికి పరుగెత్తుకెళితే మేడమ్ సంతోషంగా తలూపి, రత్తమ్మగారు ఎలా ఉన్నారని అడిగారు.

మేడమ్ రిటైరై ఇప్పుడు ఫ్రిస్కోలో కూతురి దగ్గర ఉంటున్నారు. ఆదివారాలు ఫోన్ చేసినప్పుడు మీ మోకాలి నొప్పి తగ్గిందా అని నోరు జారితే, ఏ తగ్గడం అని ఇప్పటికీ ఏడిపిస్తారు. ఇప్పుడు దరఖాస్తులు చదివే పని నాది. నిన్న శొంఠి దంచింది కూడా అందుకే. రేపు ఒక స్టూడెంట్ వస్తోంది. తను పంపిన కాగితాల్లో రెండో పేజీలోనే నిర్లక్ష్యం అన్న మాట ఉంది, ఒక తల్లి గురించి. కాఫీ పోసి, ముందు ఆ తల్లి ఎలా ఉందో అడగాలి.