కార్డు మీద కుంకుమ

ఇంట్లోకి కొత్త యంత్రం రాగానే మీరు ముందు చేసే పని ఏమిటి? బొట్టు పెట్టడమా, దానితో వచ్చిన కాగితం చదవడమా? నిజం చెప్పండి. బొట్టు పెట్టేవాళ్ళను చూసి నవ్వేవాళ్ళూ చెప్పండి, మీలో ఎంతమంది ఆ కాగితం చదివారు?

2022, దీపావళికి నాలుగు రోజుల ముందు, గురువారం. సికింద్రాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేయడం మొదలుపెట్టి అప్పటికి ఇరవై రెండేళ్ళయింది నాకు. చిలకలగూడలో చిన్న దుకాణం. వారమంతా స్క్రూడ్రైవరు, ఆదివారం మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా మైకు.

మల్కాజ్‌గిరి నుంచి సుమతి ఫోన్ చేసింది. హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతుంది. దీపావళి మర్నాడు, మంగళవారం సాయంత్రం, సూర్యగ్రహణం. బాల్కనీలో టెలిస్కోపుకు ఫిల్టరు వేసి, కెమెరా బిగించి, సూర్యుణ్ణి కంప్యూటర్ తెర మీదికి తెచ్చుకోవాలని ఆమె ప్రయత్నం. కెమెరా సెకనుకు వందకు పైగా బొమ్మలు పంపుతుంది. పాత డెస్క్‌టాప్‌లోని యూఎస్‌బీ పోర్టులు ఆ వేగానికి చాలవు. అందుకని ఒక ఎక్స్‌పాన్షన్ కార్డు కొని, వీడియో చూసి తానే బిగించుకుంది. మదర్‌బోర్డు మీద ఖాళీగా ఉండే స్లాట్‌లో గుచ్చితే కంప్యూటర్‌కు లేని వేగాన్ని తెచ్చిపెట్టే చిన్న పలక అది. బొమ్మ వస్తోంది. కాసేపటికి ఆగిపోతోంది.

ఆ రోజే వెళ్ళాను. తలుపు తీసింది ఆమె అత్తగారు రత్నమ్మ. గుంటూరు వైపు నుంచి ముప్పై ఏళ్ళ కిందట వచ్చి స్థిరపడ్డ కుటుంబం. కొడుకు రైలు నడుపుతాడు, ఆ వారమంతా డ్యూటీలో ఉన్నాడు. సుమతికి ఐదో నెల.

"మీరైనా చెప్పండి మల్లేశం గారూ," అంది రత్నమ్మ. "గ్రహణం పూట కడుపుతో ఉన్న పిల్ల కదలకుండా చీకటి గదిలో పడుకోవాలి కదా. మా ఇంట్లో ఎప్పుడూ అంతే. ఇదేమో బాల్కనీలో నిలబడతానంటుంది."

"నిలబడనన్నానుగా అత్తయ్యా. డీల్ అంటే డీలే." సుమతి నా వైపు తిరిగింది. "బొమ్మ ఆగకుండా వస్తే గదిలో కూర్చుని తెర మీద చూడొచ్చన్నారు అంకుల్. ఆగిపోయిందనుకోండి, మంచం ఎక్కి గోడవైపు తిరిగి పడుకోవడమే."

ఏటా నలభై మంది పిల్లలకు గ్రహణం పాఠం చెప్పే మనిషి, ఆ సాయంత్రం సూర్యుణ్ణి చూడాలా గోడను చూడాలా అన్నది అరచెయ్యంత పలక తేల్చబోతోంది.

కంప్యూటర్ కేబినెట్ తెరిచి కార్డు బయటికి లాగాను. స్లాట్‌లోకి దిగే అంచున బంగారు పూత ఉన్న సన్నని పళ్ళుంటాయి. సమాచారమంతా వాటి గుండానే నడుస్తుంది. ఆ పళ్ళకు పసుపు రాసి ఉంది, నడుమ కుంకుమ బొట్టు. ఇంకేముంది, నా చేతికి మైకు దొరికినట్టయింది.

"ఏందమ్మా ఇది? గిట్ల పసుపు పూస్తే బొమ్మ ఎట్లొస్తది?"

"కొత్త వస్తువు బాబూ, బొట్టు లేకుండా ఎట్టా వాడతాం? మీ దుకాణంలో పెట్టరా?"

"పెట్టనమ్మా. నా దుకాణంల దేవుని ఫొటో సుత లేదు."

"అందుకే కాబోలు, మూడుసార్లు చేస్తేగాని ఫోను ఎత్తలేదు."

సుమతి నవ్వు ఆపుకుంది. నేను పావుగంట ప్రసంగించాను. ప్రసంగిస్తూనే రబ్బరుతో పళ్ళు తుడిచి, స్పిరిట్ అద్ది, కార్డు మళ్ళీ గుచ్చాను. కెమెరా తగిలించాను. తెర మీద ఎదురింటి నీళ్ళ ట్యాంకు పది నిమిషాలు చెక్కుచెదరకుండా నిలబడింది.

"చూసిన్రా? రోగం తెలిసింది, మందు పడ్డది," అని సంచి సర్దుకున్నాను.

సోమవారం, పండగ పూట, సుమతి ఫోను. మళ్ళీ ఆగిపోతోందట.

"మళ్ళ పూసిన్రా?"

నా మొదటి ప్రశ్న అదే. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"లేదంకుల్. మీరు వెళ్ళాక కేబినెట్ ఎవరూ తెరవనే లేదు."

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాను. వంటింట్లో నీళ్ళ బిందె మీద అప్పటికే దర్భ వేసి ఉంది. రత్నమ్మ గోడ మీది తెలుగు క్యాలెండర్ తీసి నా ముందు పెట్టింది. పాలవాడు రాని రోజులు, గ్యాస్ బండ వచ్చిన తేదీ. వాటి పక్కన పెన్సిలుతో రాసిన కొత్త అక్షరాలు.

"బొమ్మ ఆగినప్పుడల్లా రాశా బాబూ. రాహుకాలం పీడేమోనని నా అనుమానం."

నేను నోరు తెరవబోయాను. ఆమె చెయ్యెత్తింది.

"పూర్తిగా వినండి. ఆదివారం సాయంత్రం రాహుకాలం, ఆగింది. శుక్రవారం సాయంత్రం రాహుకాలం లేదు, అప్పుడూ ఆగింది. శనివారం గంటసేపు చూసింది, ఒక్కసారి కూడా ఆగలా. ఏంటా తేడా అని చూస్తే, శనివారం ఇది మోటారు వెయ్యలా, చేత్తోనే తిప్పుకుంది. అంచేత రాహుకాలానికీ దీనికీ సంబంధం లేదు. మోటారు వేస్తేనే ఆగుతోంది."

సూర్యుడు జరిగేకొద్దీ టెలిస్కోపును వెంట తిప్పే చిన్న మోటారు అది. దానికీ కరెంటు ఆ కార్డు నుంచే. గురువారం నేను పరీక్షించింది నీళ్ళ ట్యాంకును. ట్యాంకు ఎక్కడికీ పోదు కనుక మోటారు వేసే అవసరమే రాలేదు.

టార్చి వేసి కార్డు రెండో చివర చూశాను. నాలుగు పిన్నుల తెల్ల సాకెట్, ఖాళీగా. కెమెరాకూ మోటారుకూ కలిపి స్లాట్ ఇచ్చే కరెంటు చాలదు. పవర్ సప్లై నుంచి విడిగా ఒక వైరు తెచ్చి అక్కడ గుచ్చాలి. కార్డుతో వచ్చిన కాగితంలో మొదటి బొమ్మే అది. గురువారం ఆ సాకెట్ నా వేలికి రెండంగుళాల దూరంలో ఉంది. నా కళ్ళు మాత్రం కుంకుమ మీద ఉన్నాయి. పళ్ళ మీద పసుపు ఉండకూడదు, నిజమే. ఉండకూడనిది కనిపించింది కాబట్టి దోషి అదేనని తీర్పు చెప్పేశాను. ఆమె మాత్రం తన అనుమానాన్ని మూడు రోజులు కాపలా కాసి, తప్పని తేలగానే వదిలేసింది.

"తప్పు నాదమ్మా. జెర ఆగుండ్రి, రెండు నిమిషాల పని."

"కానివ్వండి. ఇప్పుడు రాహుకాలమే. అయినా పర్లేదు."

ఐదు దాటింది. తెర మీద సూర్యుడు పండిన బత్తాయి రంగులో, నీళ్ళలో ఉన్నట్టు వణుకుతున్నాడు. మోటారు సన్నగా గొణుగుతోంది. అంచున ఎవరో వేలితో నొక్కినట్టు చిన్న సొట్ట పడింది. అది నెమ్మదిగా, ఎవరికీ చెప్పకుండా పెరిగింది. వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి. ఎండ రాగి రంగుకు తిరిగి, కాలనీ అంతా ఏదో సరస్సు అడుగున నిద్రపోతున్నట్టుంది. బాల్కనీలో కుండీ ఆకుల సందుల్లోంచి గది గోడ మీద పడిన వెలుగు మచ్చలన్నిటికీ అదే సొట్ట. రత్నమ్మ తెరను చూసింది, గోడను చూసింది, మళ్ళీ తెరను చూసింది. 

బొమ్మ ఆగలేదు. కానీ సూర్యుడు మెల్లగా తెర అంచుకు జారడం మొదలుపెట్టాడు. టెలిస్కోపు అమరిక కొద్దిగా తప్పింది. బయటికి వెళ్ళి మర తిప్పాలి. ఎంత తిప్పాలో నాకు తెలియదు. తెలిసిన మనిషి కుర్చీలో కూర్చుని తన చేతులు చూసుకుంటోంది. సూర్యుడి అంచున పెద్ద ముక్కే మాయమైంది.

"వెళ్ళు," అంది రత్నమ్మ.

"అత్తయ్యా, డీల్..."

"పెట్టింది నేనేగా. వెళ్ళు. తలెత్తి సూర్యుడి వంక మాత్రం చూడమాక. ఆ మాట మీ సైన్సు కూడా చెబుతుందిగా."

సుమతి ఆ రాగి వెలుగులోకి నడిచింది. తల వంచుకుని మర తిప్పింది. లోపలి నుంచి రత్నమ్మ, "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆగు, మధ్యకొచ్చాడు," అంటూ దారి చెప్పింది. పని అయ్యాక కూడా సుమతి లోపలికి రాలేదు. సూర్యుడు ట్యాంకు వెనక్కి దిగేదాకా అక్కడే ఉంది. రమ్మని ఎవరూ పిలవలేదు.

ఇరవై ఏళ్ళు మైకు పట్టుకుని నేను ఎన్ని తలుపులు తెరిపించానో నాకు తెలియదు. ఆ బాల్కనీ తలుపు తెరిచింది నా ప్రసంగం కాదని మాత్రం తెలుసు. హేతువాదమంటే ఎదుటివాళ్ళ బొట్టును వెతికి పట్టుకోవడం అనుకున్నన్నాళ్ళూ, నా కళ్ళ ముందున్న ఖాళీ సాకెట్లు ఎన్ని చూడకుండా వదిలేశానో!

మీకూ అలాంటి మాట ఒకటి ఉంటుంది, ఇన్నేళ్ళూ అనుమానించకుండా నమ్మినది. దాన్ని బయటికి తీయండి. ఏం జరిగితే అది తప్పని ఒప్పుకుంటారో ముందే రాసి పెట్టుకోండి. మూడు రోజులు గమనించండి. తప్పని తేలితే ఇంట్లోవాళ్ళందరూ వినేలా పైకి చెప్పండి. పక్కింటివాళ్ళ నమ్మకాల జోలికి ఆ తర్వాత వెళ్ళండి. ఈ రోజే మొదలుపెట్టండి.