నస్రీన్ సైకిల్‌తో రేపల్లె దాకా

ఉదయం ఏడు కాకముందే బాపట్ల స్టేషన్‌కి చేరాను. చేతిలో సైకిల్ ఉన్నా నడిచే వచ్చాను. నాకు తొక్కడం రాదు.

సైకిల్ నస్రీన్‌ది. డిగ్రీ మూడేళ్ళూ తను తొక్కేది, నేను వెనక క్యారేజీ మీద ఒక పక్కకి కూర్చునేదాన్ని. పోయిన వానాకాలం జ్వరం వచ్చి, రేపల్లెలో వాళ్ళింటికి బస్సులో వెళ్తూ దీన్ని మా వసారాలో పెట్టింది. "తగ్గాక వచ్చి తీసుకుంటా. చైన్‌కి నూనె పెడుతుండు" అంది. జ్వరం తగ్గలేదు. తను మళ్ళీ రాలేదు. చర్చి నుంచి రాగానే ప్రతి ఆదివారం నేను చైన్‌కి నూనె పెడుతూనే ఉన్నాను.

మొన్న వాళ్ళమ్మ ఫోన్ చేశారు. చిన్నమ్మాయి రేష్మ ఇంటర్‌లో చేరిందట, కాలేజీ దూరమట. "ఎవరైనా వస్తుంటే సైకిల్ పంపమ్మా" అన్నారు. నేనే తెస్తానన్నాను. కానీ మనసులో వేరే మాట ఉంది. రేష్మకి కొత్త సైకిల్ కొనిస్తాను, దీన్ని మాత్రం నా దగ్గర ఉంచుకోనివ్వండి అని అడగాలి. ఆ మాట ఫోన్‌లో నోటికి రాలేదు. ఎదురుగా వెళ్తే వస్తుందేమోనని బయల్దేరాను.

సైకిల్‌తో రైలెక్కేవాళ్ళు ముందుగా లగేజీ చీటీ రాయించుకోవాలి. నా టికెట్టు కన్నా దానికే ఎక్కువైంది. పాసింజర్‌లో చివరి బోగీ తలుపు పక్కన దాన్ని ఆనించి, పడకుండా దాని సీటు మీద చెయ్యి వేసి తెనాలి దాకా నిలబడ్డాను. నిడుబ్రోలులో ఎక్కినవాళ్ళు నన్ను విసుక్కుంటూనే లోపలికి సర్దుకున్నారు.

తెనాలిలో దిగి రేపల్లె బండి కోసం ప్లాట్‌ఫారం మారుతుండగా వెనక చక్రం కరకరమని పక్కకి ఒరిగి ఫోర్కుకి రాసుకుంది. ఇంకో నాలుగడుగులు తోసేసరికి బిగుసుకుపోయింది. బండికి చాలా టైముంది. వెనక చక్రాన్ని ఎత్తి పట్టుకుని స్టేషన్ బయటికి వచ్చాను. ఇడ్లీ బండి పక్కనే సైకిల్ షాపు ఉంది. తెల్లగడ్డం పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి చక్రం ఊడదీశారు. ఇరుసు లాగితే నల్లటి మడ్డితో కలిసి బేరింగు గుళ్ళు డబ్బా మూతలో రాలాయి. ఒక గుండు రెండు ముక్కలై ఉంది.

"చైన్ చూస్తే నిగనిగలాడతంది. చక్రం మధ్య హబ్బులో చుక్క గ్రీజు లేదు. పైపై సోకులేనా అమ్మాయ్?"

గుళ్ళు ఆనుకుని తిరిగే రెండు ఇనప కోనులు తుడిచి ఆయన నా ముందు పెట్టారు.

"ఈ కోనులు చూడు, గుంటలు పడిపోయాయి. గుళ్ళొక్కటే మారిస్తే నెలకి మళ్ళీ నా దగ్గరికే వస్తావ్. దీని మీద బియ్యం మూటలు తోలారా ఏంటి?"

"లేదండి. నేను కూర్చునేదాన్ని."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి పెద్దగా నవ్వారు. "నువ్వా? ఫ్యానేస్తే ఎగిరిపోయేట్టున్నావ్!"

"మూడేళ్ళండి. రోజూ."

"అయితే ఆ తొక్కిన పిల్లని అనాలి. ఏది, తనెక్కడ?"

"చనిపోయిందండి."

 ఆయన హబ్బు గిన్నెలోపల గుడ్డతో రెండుసార్లు తుడిచి, గ్రీజు పూసి, కొత్త గుళ్ళు ఒక్కొక్కటే వరసగా అతికించారు. కొత్త కోనులు బిగించి, చక్రం తిప్పి, పట్టేస్తోందని కొంచెం వదులు చేసి మళ్ళీ తిప్పారు. చక్రం చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది.

చప్పుడు లేకపోవడమే నాకు కొత్త. మా కాలేజీ దారంతా ఈ హబ్బు మోతే. నేను వెనక కూర్చుని లైబ్రరీ పుస్తకాలు చదివి వినిపించేదాన్ని. మోత పెరిగేకొద్దీ, "వినపడట్లేదే, గట్టిగా చదువు" అనేది నస్రీన్. క్లాసులో హాజరు పలకడానికే బెరుకుపడే నేను బజారు మధ్యలో గొంతెత్తి చదివేదాన్ని.

"పాత కోనులు పారెయ్యనా అమ్మా?" అన్నారు పెద్దాయన.

"నాకివ్వండి."

పేపర్‌లో చుట్టి ఇచ్చారు. ఇడ్లీ తిని రేపల్లె బండి ఎక్కాను. వేమూరులో కొల్లూరు లంక అరటిపళ్ళ గంపతో ఒకావిడ ఎక్కి నా పక్కనే చతికిలబడింది.

"సైకిలుండగా రైలెందుకే పిల్లా?"

"తొక్కడం రాదండి."

"రానిదానివి మొయ్యడమెందుకు మరి!" అని ఒక పండు చేతిలో పెట్టింది. ఒక చేత్తో సైకిల్ పట్టుకుని, ఇంకో చేత్తో పండు ఎలా ఒలుచుకోవాలో తెలియక అలాగే ఉంచుకున్నాను.

రేపల్లెలో దిగేసరికి ఎండ మండుతోంది. స్టేషన్ నుంచి నస్రీన్ వాళ్ళ వీధికి నడక దూరమే. వాళ్ళమ్మని తనలాగే నేనూ అమ్మీ అంటాను. కుట్టుమిషన్ ముందు నుంచి లేచి వచ్చి ముందు హ్యాండిల్ తడిమారు, తర్వాత నా చెంప. "తిన్నావా?" అని లోపలికి తీసుకెళ్ళి అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించారు.

"వెనకాల కూర్చుని కథలు చదివేదానివంటగా? సెలవులకొచ్చి అవన్నీ నాకు చెప్పేది. సగం చెప్పి, మిగతాది మోతలో వినపడలేదమ్మీ అనేది."

 చెయ్యి కడుక్కుని గడపలోకి వచ్చాక, ఇప్పుడే అడగాలనుకున్నాను.

"అమ్మీ, ఒక మాట..."

అప్పటికే రేష్మ సైకిల్‌ని వీధిలోకి దింపింది. పక్కింటి దివ్య పరిగెత్తుకొచ్చి, "నన్నూ కాలేజీకి తీసుకెళ్ళాలి మరి!" అంటూ కదులుతున్న సైకిల్ మీదకి ఒక పక్కగా ఎగిరి కూర్చుంది. "చెప్పి ఎక్కవే మొద్దూ, పడతాం!" అంది రేష్మ. చక్రం వంకరలు పోయి సర్దుకుంది. ఇద్దరూ నవ్వుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చారు.

"ఏదో అనబోయావు?" అన్నారు అమ్మీ.

"తెనాలిలో వెనక చక్రం బాగుచేయించాను. నాలుగు రోజులు తొక్కాక కోనులు ఒకసారి బిగించాలండి. ఏడాదికోసారి గ్రీజు కూడా పెట్టించండి."

"అట్టాగేనమ్మా."

బయల్దేరుతూ దివ్య దగ్గర ఆగాను. "చున్నీ వెనక చక్రంలో పడకుండా ఒళ్ళో పెట్టుకో" అన్నాను. ఆ మాట రోజూ నస్రీన్ నాతో అనేది. తనలా కసిరినట్టు చెప్పడం నాకు చేతకాలేదు.

సాయంత్రం బండికి తిరుగు ప్రయాణం. పళ్ళావిడ ఖాళీ గంపతో అదే పెట్టె ఎక్కింది.

"సైకిలేదే?"

"ఇచ్చేశానండి."

"పోన్లే, చేతులు ఖాళీ అయ్యాయిగా. రా, కూర్చో."

ఆవిడ వేమూరులో దిగిపోయింది. తెనాలి వచ్చేసరికి బోగీ దాదాపు ఖాళీ అయింది. సీట్లన్నీ ఖాళీగా ఉండగా నేను తలుపు పక్కనే నిలబడ్డాను. భుజం సంచిలో పాత కోనులు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి. నా చెయ్యి మాత్రం ఉదయం సైకిల్ సీటు ఉన్న ఎత్తులోనే ఉంది.