భట్టీలో ప్లాస్టిక్ సంచి

ప్లాస్టిక్ సంచిలో కోడిని పెట్టి బేకరీ భట్టీలో కాలుస్తానంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. ఎనభైల చివర్లో కాకినాడ నుంచి పనిమీద వెళ్ళి, లక్సెట్టిపేటలో బస్సు కోసం చూస్తూ ఆ బేకరీలో చాయ్ తాగుతున్నాను.

అలా అన్నామె పేరు రజియా. ఆ సంచి దుబాయ్ నుంచి భర్త పంపాడట. పెట్టె మీది ఇంగ్లీషు నన్ను చదివిపెట్టమంది. సంచిలో చెంచాడు పిండి చల్లాలి, మూతి కట్టి పైన చిల్లులు పెట్టాలి, వేడి రెండు వందల డిగ్రీలు దాటకూడదు.

"కట్టెల భట్టీకి డిగ్రీలు యాడున్నయి బేటీ? కరిగిపోతది," అన్నాడు బేకరీ ముసలాయన.

"జర పిండి ఏసి చూడు చాచా."

పొద్దుటి రొట్టెలు దించిన భట్టీలోకి ఆయన చిటికెడు మైదా విసిరాడు. క్షణంలో నల్లబడింది. వేడి ఇంకా ఎక్కువే. కాసేపాగి రజియా మళ్ళీ విసరమంది. ఈలోగా నా బస్సు వచ్చి వెళ్ళిపోయింది. నాలుగోసారికి పిండి మెల్లగా ఎర్రబడింది. అప్పుడు సంచి ఉన్న పళ్ళేన్ని తనే లోపలికి తోసింది.

గంటన్నరకి సంచి పూరీలా పొంగి బయటికొచ్చింది. ఎక్కడా కరగలేదు. లోపల కోడి ఎర్రగా కాలింది.

ముసలాయన కోయమంటే రజియా తల అడ్డంగా ఊపింది. "మా ఆయన ఆడ హోటల్ల గిట్లనే వండుతడు. ఉత్తరంల రాస్తే వాడకట్టోళ్ళంత అబద్ధమని నవ్విర్రు. ఆళ్ళ ముంగటనే కోస్త."

బయట రెండో బస్సు హారన్ కొడుతోంది. ఆమె గుడ్డతో పళ్ళెం ఎత్తుకుని నా వైపు తిరిగింది.

"మీరు సుత నవ్విర్రు గద సారూ, రాండ్రి."

బస్సు కేసి చూడకుండా ఆమె వెనకే నడిచాను.