వంటింటి గోడమీద నాలుగు వరసలు

మా నాన్నకి ఆరోగ్యం మీద శ్రద్ధ శ్మశానంలో పుట్టింది. ఆయనతో పాటు బళ్ళో పనిచేసే లెక్కల మాస్టారు, నాన్న ఈడువాడే, ఉదయం ప్రార్థన జరుగుతుండగా గుండె పట్టుకుని కూలిపోయాడు. దహనం అయ్యాక ఇంటికొచ్చి, బావి దగ్గర నెత్తిన నీళ్ళు పోసుకుంటూనే నాన్న ప్రకటించాడు: "రేపట్నుంచి మనింట్లో కారం బంద్."

ఈ మాట అన్నది ఎక్కడనుకున్నారు? నల్లపాడు దాటాక రెండూళ్ళ అవతల, ఎనభైల్లో, మిరపకాయ తప్ప ఇంకో ఊసే లేని పల్లెలో. కోతల రోజుల్లో ఊరి చుట్టూ కల్లాలు ఎర్రగా పరిచి ఉండేవి. బస్సు దిగిన కొత్తవాళ్ళు ముందు తుమ్మి, ఆ తర్వాతే దారి అడిగేవాళ్ళు. మాకూ రెండెకరాల మిరప ఉండేది. మంచికాయ గుంటూరు యార్డుకి వెళ్ళేది, రంగు తేలిపోయిన తాలుకాయ ఇంటికి వచ్చేది. మా వైపు రైతులందరి పద్ధతీ అదే. పండించిన దాంట్లో మేలైనది ఇంట్లో వాడుకోవడం దుబారా అని అందరి నమ్మకం.

నాన్న ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. వారపత్రికల్లో ఆరోగ్యం పేజీలు కత్తిరించి ఫైలు కట్టాడు. పోషకాహారం తింటే నూరేళ్ళు ఎక్కడికీ పోవని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు, వాళ్ళు పని చెప్పుకునే లోపల. ఆఖరికి పాత క్యాలెండరు కాగితం వెనక స్కేలు పెట్టి గళ్ళు గీసి, ఒక చార్టు తయారుచేసి వంటింటి గోడకి అంటించాడు. మొలకెత్తిన పెసలు, గుడ్డు, పాలు, ఆకుకూర, పండు. ఎవరు ఎంత తినాలో గళ్ళల్లో ఉండేది, తిన్నాక టిక్కు పెట్టాలి. మొదటి వరస నాన్న, రెండోది నాయనమ్మ, మూడోది అన్నయ్య, నాలుగోది నేను. ముత్యాల్లాంటి అక్షరాలు. బళ్ళో ఇద్దరు మాస్టార్లు వచ్చి చూసి, మెచ్చుకుని, అలాంటివే తమ ఇళ్ళల్లోనూ అంటించుకున్నారు.

చార్టు నాన్నది, చాకిరీ అమ్మది. పెసలు నానబెట్టి గుడ్డలో మూట కట్టేది, కోళ్ళని చూసుకునేది, పాలు కాచేది, ఉప్పూకారం లేని కూరలు వండేది అమ్మే. అందరం తిని లేచాక గిన్నెలు ముందేసుకుని తనూ ఏదో తినేది. ఏదో అని ఎందుకంటున్నానంటే, అదేమిటో నాకు తెలియదు. ఒకటి రెండుసార్లు నీళ్ళకోసం వంటింట్లోకి వెళ్తే, పొద్దుటి అన్నంలో తాలుకాయల పచ్చడి కలుపుకుంటూ కనిపించింది. కారం నిషేధం అమ్మకి వర్తించలేదు. వర్తించడానికి ఆవిడ తినడం ఎవరైనా చూస్తే కదా! నేనా, అప్పుడు పదో తరగతి. సమతులాహారం మీద వ్యాసం రాసి క్లాసులో ఫస్టు వచ్చి, కాలరెగరేసుకు తిరుగుతున్నాను.

ఆ ఏడు రెండో కోతప్పుడు కల్లంలో తాలు ఏరుతూ కూర్చున్న అమ్మ, లేచి నిలబడబోయి కాయల మీదే పడిపోయింది. కూలికొచ్చిన ఆడవాళ్ళు నీళ్ళు చల్లి, రిక్షాలో ఇంటికి తీసుకొచ్చారు. "పంతులుగారూ, అమ్మగారి మొహం చూడండి, సున్నం కొట్టినట్టుందండీ," అంది వాళ్ళల్లో పెద్దామె. నాన్న అప్పుడు చూశాడు. నేనూ అప్పుడే చూశాను.

మర్నాడు గుంటూరులో డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. పరీక్ష చేసి, ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగం కూడా లేదంది. ఇలాగే సాగితే మనిషి దక్కదని మొహమాటం లేకుండా చెప్పేసింది.

"ఏం తింటావమ్మా రోజూ?"

"అన్నీ తింటానండి," అంది అమ్మ.

నాన్నకి అవకాశం దొరికింది. అడిగినవాళ్ళకి చూపించడానికి చార్టు నకలొకటి జేబులో పెట్టుకు తిరిగేవాడు. మడతలు విప్పి బల్ల మీద పెట్టాడు. "మా ఇంట్లో అంతా పద్ధతి ప్రకారమేనండీ," అన్నాడు.

డాక్టరమ్మ శ్రద్ధగా చదివింది. "బాగుందండీ. ఇందులో ఈవిడ ఎవరు?"

నాన్న కాగితం మీద వేలు పెట్టి పై నుంచి కిందికి వచ్చాడు. మళ్ళీ పై నుంచి మొదలుపెట్టాడు. నాలుగు వరసలే కదా, ఎంతసేపు వెతుకుతాడు? కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మా చార్టు చూసి రాసుకున్న మాస్టార్ల ఇళ్ళల్లోనూ భార్యలకి వరస లేదని తర్వాత తెలిసింది. అచ్చుగుద్దినట్టు దించుకున్నారు మరి.

ఇంటికి రాగానే నాన్న చార్టు అడుగున అయిదో వరస గీశాడు. కాగితం చాలక, కింద ఇంకో ముక్క అతికించాడు. పొద్దున్నే బడికి పోవాలి కాబట్టి టిక్కులు పెట్టుకునే బాధ్యత అమ్మకే అప్పగించాడు. ఇవ్వకూడని చేతికే ఇచ్చాడు, పాపం. అమ్మ వరస కళకళలాడింది. ఒక్క గడి ఖాళీ లేదు. సాయంత్రం బడి నుంచి వచ్చి, చెప్పులు విప్పకముందే ఆ టిక్కులు చూసుకుని నాన్న మురిసిపోయేవాడు.

రెండు నెలల తర్వాత మళ్ళీ రక్తం పరీక్ష చేశారు. ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది.

"టిక్కులు పెడితే రక్తం పట్టదండీ మాస్టారూ," అంది డాక్టరమ్మ.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్న అమ్మని అడిగాడు, "గుడ్లేం చేశావే?" అమ్మ కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చుంది. పాలు అన్నయ్యకి పోయేవి. గుడ్డు ఎక్కడికి పోయేదో నాకు బాగా తెలుసు. రోజూ నాన్న గడప దాటగానే అమ్మ పిలిచేది. "పరీక్షలు కదే, ఒంట్లో సత్తువుండాలి. మీ నాన్నకి చెప్పకు." రెండు నెలలు నేను రోజుకి రెండు గుడ్లు తిన్నాను. డాక్టరమ్మ మాట చెవులారా విని కూడా తిన్నాను. రుచిగా ఉండేవి.

"నేనే తిన్నా నాన్నా," అన్నాను. ఆయన తల తిప్పుకుని ముందు సీటు కడ్డీ పట్టుకున్నాడు. తిట్టినా బాగుండుననిపించింది.

మర్నాడు పొద్దున నాన్న చార్టు పీకేశాడు. వంటింట్లో పీట వేసి అమ్మని కూర్చోమన్నాడు. "నువ్వు తినందే ఎవరం ముట్టం."

"ఇదేం చోద్యంరా, ఆడది ముందు తినడమేంటి?" అంది నాయనమ్మ.

"చోద్యమే. కూర్చుని చూడు," అన్నాడు నాన్న.

జన్మలో ఎప్పుడూ గుడ్డు వలవని మనిషి, పెంకుతో పాటు సగం తెలుపూ ఊడగొట్టి, గుంటలు పడ్డ గుడ్డుని అమ్మ కంచంలో పెట్టాడు. "మీరు వెళ్ళండి బాబూ, ఇంతమంది చూస్తుంటే ముద్ద దిగదు," అని అమ్మ బతిమాలింది. ఎవరం కదలలేదు. చేసేది లేక గుడ్డుని రెండుగా విరిచింది. విరిచి, అలవాటుగా, ఒక సగం నా వైపు చాచింది.

నా చెయ్యి ముందుకి వెళ్ళింది. ఇన్నేళ్ళకి కూడా ఆ సంగతి చెప్పుకోవాలంటే సిగ్గుతో చచ్చిపోతాను. నాన్న ఆ చేతి మీద ఒక్కటి వేశాడు. ఆయన నన్ను కొట్టింది అదొక్కసారే.

అమ్మ ఆ సగం కూడా నోట్లో పెట్టుకుంది. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి, నమిలి మింగింది. అమ్మ తింటుంటే చివరిదాకా కూర్చుని చూడడం నాకదే మొదటిసారి. అప్పటికి నాకు పదిహేనేళ్ళు.